లైడార్‌తో గాలి వేగాన్ని నమ్మదగినట్టుగా కొలవడం ఎలా?

గాలిలోని శక్తి దాని వేగపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక, వేగం కొలతలో 1 శాతం తప్పు జరిగితే శక్తి అంచనాలో సుమారు 3 శాతం తేడా వస్తుంది. నేలపై పెట్టే, లేజర్ కాంతితో గాలి వేగాన్ని కొలిచే లైడార్‌తో ఎత్తైన మాస్ట్ (కొలత పరికరాలు బిగించే స్తంభం) లేకుండానే గాలిమర రెక్కలు తిరిగే ఎత్తు వరకు కొలవవచ్చు. అయితే ఆ పరికరం నిజంగా ఏమి కొలుస్తుందో తెలిసినవారికే దాని అంకెలు ఉపయోగపడతాయి.

లైడార్ కంటికి కనిపించని పరారుణ లేజర్‌ను పైకి పంపుతుంది. గాలితోపాటు కదిలే ధూళికణాలు, సన్నని తుంపరలు ఆ కాంతిలో కొంత వెనక్కి పంపుతాయి. తిరిగి వచ్చిన కాంతి పౌనఃపున్యంలోని డాప్లర్ మార్పును (కణాల కదలిక వల్ల వచ్చే తేడాను) బట్టి వేగం తెలుస్తుంది, 1.55 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద సెకనుకు 1 మీటరు వేగానికి ఈ మార్పు దాదాపు 1.3 మెగాహెర్ట్‌జ్. కానీ ఒక కిరణం తన దిశలోని వేగాన్ని మాత్రమే చెప్పగలదు. అందుకే నిలువు రేఖ నుంచి సుమారు 28 డిగ్రీలు వంచిన కిరణాలను వేర్వేరు దిక్కులకు పంపి, వాటన్నిటినీ కలిపి గాలి వేగాన్ని, దిశను లెక్కకడతారు. 100 మీటర్ల ఎత్తులో ఆ కిరణాలు తాకే వలయం వ్యాసం 100 మీటర్లు దాటుతుంది. ఆ వలయమంతటా గాలి ఒకేలా వీస్తోందన్నదే ఈ లెక్కకు ఆధారం. చదునైన నేలపై అది చాలావరకు నిజమే. కొండ అంచున, ఏటవాలులో, అడవి పక్కన గాలి వంగి ప్రవహిస్తుంది కాబట్టి, అలాంటి చోట ప్రవాహ నమూనాతో సవరించని కొలతను ఆర్థిక అంచనాలకు వాడకూడదని నా అభిప్రాయం.

పరికరాన్ని సమతలంగా నిలపండి. అది ఒక్క డిగ్రీ ఒరిగినా అడ్డంగా వీచే గాలిలో 1.7 శాతం నిలువు గాలిగా లెక్కలోకి వస్తుంది. కిరణాల దారిలో చెట్లు, తీగలు లేవని చూసుకోండి. దిక్కును భౌగోళిక ఉత్తరానికి సరిచేయండి. దగ్గర్లో ఇనుము ఉంటే దిక్సూచిని నమ్మవద్దు. గడియారాన్ని కూడా సరిచేయండి, ఎందుకంటే సమయం తప్పితే మాస్ట్‌తో పోల్చడం వీలుకాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది సరిచూసుకోవడం. క్షేత్రానికి తరలించే ముందు, క్రమాంకనం చేసిన కప్ అనిమోమీటర్లు (గాలికి తిరిగే గిన్నెలతో వేగాన్ని కొలిచే పరికరాలు) ఉన్న మాస్ట్ పక్కన లైడార్‌ను ఉంచి, 10 నిమిషాల సగటులను ఒక్కో ఎత్తులో పోల్చండి. నేలపై ఉంచే ఇలాంటి పరికరాల వాడకానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ (ఐఈసీ) వారి 61400-50-2 ప్రమాణం ఉంది.

కొలత మొదలయ్యాక, రాని దత్తాంశాన్ని కూడా అంతే శ్రద్ధగా గమనించండి. వాన కడిగిన స్వచ్ఛమైన గాలిలో కణాలు తక్కువై పై ఎత్తుల సమాచారం తగ్గిపోతుంది, దట్టమైన పొగమంచు కిరణాన్ని మధ్యలోనే ఆపేస్తుంది. ఆ ఖాళీలు ఒకే రకం వాతావరణంలో పడుతుంటే మిగిలిన సగటు ఒకవైపు మొగ్గుతుంది. గాలి అల్లకల్లోలం విషయంలోనూ జాగ్రత్త అవసరం: లైడార్ పెద్ద పరిమాణంలోని గాలిని సగటు చేస్తుంది కాబట్టి దాని విలువలు కప్ అనిమోమీటర్ విలువలతో సమానం కావు. ఋతువులన్నీ వచ్చేలా కనీసం ఏడాదిపాటు కొలిచి, దీర్ఘకాలిక వాతావరణ దత్తాంశంతో అనుసంధానించండి. కొలత ముగిశాక పరికరాన్ని మళ్ళీ అదే మాస్ట్ పక్కన నిలిపి, మధ్యకాలంలో దాని కొలత మారిందో లేదో తేల్చుకోండి.