బ్యాంకాక్‌లో మొదటి టీచర్ ఉద్యోగం

ఇంగ్లీషు బోధనకు ఇచ్చే సెల్టా అనే సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేసి కొత్తగా థాయ్‌లాండ్ వచ్చినవాళ్లకు మొదటి టెన్షన్ ఉద్యోగ ప్రకటనలతోనే మొదలవుతుంది. 'నేటివ్ స్పీకర్లు మాత్రమే', అంటే ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లే కావాలని చాలావాటిలో రాసి ఉంటుంది. పాస్‌పోర్టు చూసి మనల్ని పక్కన పెట్టే స్కూళ్లు ఉన్న మాట నిజం, అది అన్యాయం కూడా. అయినా అక్కడే ఆగిపోకండి. ఇక్కడ బడులు మే మధ్యలో తెరుస్తారు, రెండో టర్మ్ నవంబరు ప్రాంతంలో మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్, అక్టోబరు నెలల్లో ఫైలు పట్టుకుని నేరుగా స్కూలుకే వెళ్లి, డెమో క్లాసు చెబుతానని అడగండి. నేను పెట్టిన ఈమెయిల్స్‌లో ఒక్కదానికీ జవాబు రాలేదు. అలా తిరిగితేనే ఉద్యోగం దొరికింది.

ఫైల్లో డిగ్రీ ఒరిజినల్, మార్కుల మెమోలు, సెల్టా సర్టిఫికెట్ ఉండాలి. మనవాళ్లను టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్ష స్కోరు కూడా అడుగుతారు, మామూలుగా 600కు తగ్గకూడదంటారు. పోలీస్ క్లియరెన్స్ ఇండియాలో ఉండగానే పాస్‌పోర్టు ఆఫీసు నుంచి తెచ్చుకోండి. బీఈడీ ఉంటే చాలా మేలు. లేకపోతే ఖురుసపా అనే టీచర్స్ కౌన్సిల్ దగ్గర స్కూలు మీకోసం తాత్కాలిక అనుమతికి దరఖాస్తు పెట్టాలి.

డెమోకు వెళ్లేముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి. థాయ్ పిల్లలు మాట చివరి హల్లును మింగేస్తారు. లైక్, లైట్, లైఫ్ మూడూ వాళ్ల నోట 'లై' అయిపోతాయి. మనమేమో చివర ఉకారం చేర్చి బస్సు, బుక్కు అంటాం. నా డెమోకు ముందు రాత్రి అద్దం ముందు నిలబడి ఆ ఉకారం రాకుండా సాధన చేశాను. మర్నాడు క్లాసులో ఆ మూడు మాటలూ బోర్డు మీద రాసి, చివరి శబ్దం దగ్గర రెండు వేళ్లు గట్టిగా కలిపి చూపించాను. కాసేపటికి నలభై మంది పిల్లలూ వేళ్లు కలుపుతూ 'లైఫ్' అన్నారు. ఉద్యోగం ఇచ్చింది ఆ పది నిమిషాలే అని నా నమ్మకం.

ఉద్యోగానికి ఇచ్చే నాన్ ఇమిగ్రెంట్ బీ వీసా, వర్క్ పర్మిట్ రెండూ చేతికి రాకుండా పాఠం మొదలుపెట్టకండి. 'ముందు చేరిపోండి, పేపర్లు తర్వాత చూద్దాం' అని ఒక ఏజెన్సీ నాచేత మూడు వారాలు పని చేయించుకుంది. పేపర్లు రాలేదు, జీతమూ రాలేదు. ఫిర్యాదు చేద్దామంటే పర్మిట్ లేకుండా పని చేసింది నేనే. టూరిస్టు వీసా మీద పని చేయమనే ఎవరి మాటా వినకండి, ఎంత మర్యాదగా చెప్పినా సరే.

గదికి సాధారణంగా రెండు నెలల డిపాజిట్, ఒక నెల అద్దె ముందే కట్టాలి. మొదటి జీతం వచ్చేదాకా తిండికీ రైలుకీ డబ్బు విడిగా ఉంచుకోండి.

జూన్ ప్రాంతంలో ఒక గురువారం మీ స్కూల్లో 'వాయ్ ఖ్రూ' అనే గురుపూజ జరుగుతుంది. ఖ్రూ అంటే మన గురువే. పిల్లలు మోకాళ్ల మీద వచ్చి గరిక, నూరువరహాలు, వంగపూలు కట్టిన పళ్లెం మీ చేతిలో పెడతారు. ఆ రోజు మాత్రం సెలవు పెట్టకండి.