ఐస్ మెషీన్ మొరాయిస్తే గ్యాస్ సిలిండర్ ఆఖర్న దించు

మే నెలలో బీచ్ రోడ్డు హోటళ్ల నుంచి వచ్చే ఫోన్లన్నిట్లో ఒకటే మాట: "ఐస్ రావట్లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది, ఎక్కించెయ్యండి." ఓనరు అన్నాడు కదాని సిలిండర్ దించెయ్యకు తమ్ముడూ. మెషీన్‌ని చల్లబరిచే ఈ గ్యాస్ (రిఫ్రిజరెంట్) వాడుకుంటే అరిగిపోయేది కాదు, లీకైతేనే తగ్గుతుంది. నేను చెప్పేది హోటళ్లు, బార్లలో ఉండే క్యూబ్ మెషీన్ల సంగతి. ఫిషింగ్ హార్బర్ వైపు ఐసు దిమ్మలు తీసే అమ్మోనియా ప్లాంట్లు వేరే లోకం.

మన ఊళ్లో ముందు చూడాల్సింది గ్యాస్ వేడిని బయటికి వదిలే కాయిల్, అంటే కండెన్సరే. ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు తినేసి, వేలు పెడితే అప్పడంలా విరుగుతాయి. పైకి శుభ్రంగా కనిపించినా టార్చి వేసి లోపలి వరస చూడు. కిచెన్ పక్కన పెట్టిందైతే నూనె జిడ్డు సరేసరి. ఫ్యాన్ తిరుగుతోందా, మెషీన్ని గోడకి ఆనించేశారా అన్నదీ చూసుకో.

తర్వాత నీళ్లు. బోరు నీళ్లయితే ఐస్ కట్టే ప్లేటు (ఎవాపరేటర్) మీద నీళ్లు పంచే ట్యూబు రంధ్రాలు ఉప్పు పేరుకుని పూడిపోతాయి, ఐస్ వంకరటింకరగా కడుతుంది. ఫ్రీజ్ (ఐస్ కట్టే దశ) నడుస్తుండగా వాటర్ వాల్వు సన్నగా కారుతున్నా ఐస్ ఆలస్యమే.

ఈ రెండూ బాగున్నా గేజీలు (గ్యాస్ ప్రెషర్ మీటర్లు) అప్పుడే తగిలించకు, తగిలించి తీసిన ప్రతిసారీ కాస్త గ్యాస్ పోతుంది. ముందు ప్లేటు చూడు. గ్యాస్ లోపలికి వెళ్లే వైపు ఐస్ మందంగా ఉండి, బయటికొచ్చే వైపు పల్చబడితే గ్యాస్ తక్కువైనా కావాలి, ప్లేటులోకి గ్యాస్‌ని కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు సరిగా వదలకపోయినా కావాలి.

ఇక హాట్ గ్యాస్ వాల్వు, అంటే కట్టిన ఐస్ ఊడేందుకు ప్లేటులోకి వేడి గ్యాస్ వదిలేది. ఫ్రీజ్ మొదలై 5 నిమిషాలయ్యాక ఆ వాల్వులోకి వచ్చే పైపుకీ, కంప్రెసర్ నుంచి వేడి గ్యాస్ బయటికొచ్చే డిశ్చార్జి లైనుకీ క్లాంపు థర్మామీటరు పెట్టు. చేత్తో పట్టుకోకు, కాలుతుంది. డిశ్చార్జి లైను వేడిగా, వాల్వులోకి వచ్చే పైపు చల్లబడుతూ ఉండాలి. ఆ పైపు కూడా దాదాపు డిశ్చార్జి లైనంత వేడిగా ఉంటే వాల్వు మూసుకోవట్లేదు, వేడి గ్యాస్ ప్లేటులోకి కారిపోతోంది. గేజీలో సక్షన్ (కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాస్ ప్రెషర్) ఎక్కువ, హెడ్ (బయటికెళ్లే గ్యాస్ ప్రెషర్) తక్కువ చూపిస్తుంది. కంప్రెసర్ నీరసపడినా అచ్చం ఇదే రీడింగ్. ఈ వాల్వు చూడకుండా మంచి కంప్రెసర్ని పీకి పక్కన పడేసిన వాళ్లున్నారు.

గేజీలు తగిలించాక ఒక్క రీడింగ్ నమ్మకు. ఫ్రీజ్ సాగేకొద్దీ సక్షన్ దిగుతూ పోతుంది, కాబట్టి మొదట్లో, మధ్యలో, చివర్లో రాసుకుని కంపెనీ చార్టుతో పోల్చు. సక్షన్, హెడ్ రెండూ తక్కువైతే అప్పుడు గ్యాస్ మీద అనుమానపడు.

లీకు నైట్రోజన్‌తో, సబ్బు నురగతో పట్టు. అతికాక డ్రయ్యర్ (గ్యాస్‌లో తేమ పట్టే ఫిల్టర్) మార్చి, వ్యాక్యూమ్ గేజీ 500 మైక్రాన్లు చూపించేదాకా వ్యాక్యూమ్ లాగు. నేమ్‌ప్లేటు మీదున్నంత గ్యాస్ కాటాతో తూచి ఎక్కించు. ఆర్-404ఏ అనే గ్యాస్ అయితే అది మిశ్రమం కాబట్టి సిలిండర్ నుంచి లిక్విడ్‌గానే తీయాలి. నేమ్‌ప్లేటు మీద ఆర్-290 అని ఉంటే అది మండే ప్రొపేన్: లోపల గ్యాస్ ఉండగా పైపులు అతికే గ్యాస్ టార్చ్ వెలిగించకు.