అన్నదమ్ముల మధ్య మాటలు మళ్లీ కలవాలంటే

గుంటూరు బ్రాడీపేటలో ప్రహరీ గోడ దగ్గర మొదలైన గొడవతో అన్నయ్యకీ నాకూ ఆరేళ్లు మాటల్లేవు. మీదీ ఇలాంటిదే అయితే ముందు ఆస్తి మాట ఎత్తకండి. నేను సంక్రాంతికి అరిసెల డబ్బా పంపాను. ఖాళీ డబ్బా వెనక్కొచ్చింది. ఉగాదికి బొబ్బట్లు పంపితే ఈసారి గోంగూర పచ్చడితో తిరిగొచ్చింది. మూత తీయగానే మా ఆవిడ, 'ఇది అక్క చేతి వాసనే' అంది.

పాత లెక్కలు తవ్వే చుట్టాలను దూరం పెట్టండి. మాకూ ఒకాయన ఉన్నాడు లెండి.

రాకపోకలు కుదిరాకే కోర్టులో ఉన్న కేసును రాజీతో తేల్చే లోక్ అదాలత్‌కు పంపమని అడగండి. అక్కడి రాజీ అవార్డు, అంటే రాజీపై ఇచ్చే ఉత్తర్వు, సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దానిపై అప్పీలు ఉండదు. కట్టిన కోర్టు ఫీజు తిరిగిస్తారు. సంతకానికి ముందు కొలతలు అడుగుల్లో రాయించండి. మేం 'గోడ దాకా' అని రాయించబోయాం. ఏ గోడ అని మళ్లీ టెన్షన్!