సెకండ్ హ్యాండ్ కాటమరాన్ ఇద్దరితో నడుస్తుందా? కొనేముందే తేల్చుకోండి

కరీబియన్‌లో, ముఖ్యంగా బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో, కొన్నేళ్లు చార్టర్‌కి (అద్దెకి) తిరిగిన 40 అడుగుల కాటమరాన్లు, అంటే రెండు హల్‌లు (బోటు అడుగు దొప్పలు) ఉన్న తెరచాప బోట్లు, అమ్మకానికి వస్తుంటాయి. ఫొటోల్లో క్యాబిన్లు చూసి పడిపోతాం. కానీ ఇద్దరే వెళ్తే రాత్రి ఒకరు పడుకోవాలి కదా, అంటే బోటు నడిపేది ఒక్కరే. అందుకే ట్రయల్‌లో బ్రోకర్‌ని చేతులు కట్టుకుని కూర్చోమని, ప్రతి పనీ మీలో ఒక్కరే చేసి చూడండి.

సమస్య: మెయిన్‌సెయిల్ (పెద్ద తెరచాప) సగం దాకా లేచి బిగుసుకుపోతుంది.
ముందు మాస్ట్ (తెరచాప స్తంభం) దగ్గర నిలబడి, తెరచాపని పైకెత్తే హాలియార్డ్ తాడుని చేత్తో లాగండి. అక్కడ తేలిగ్గా వచ్చి, హెల్మ్ (బోటు నడిపే చక్రం) దగ్గర బరువుగా ఉంటే తప్పు మధ్యలో ఉన్న బ్లాకులది (కప్పీలది), వాటిని మార్చితే సరిపోతుంది. మాస్ట్ దగ్గరా బరువుగానే ఉంటే తెరచాప జారే ట్రాక్‌లో ఉప్పు పేరుకుని ఉంటుంది, లేదా మాస్ట్ పైన తాడు తిరిగే చక్రం అరిగి ఉంటుంది. ట్రాక్‌ని మంచినీళ్లతో కడిగి డ్రై సిలికాన్ స్ప్రే కొట్టండి, గ్రీజు మాత్రం వద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. 'ఎలక్ట్రిక్ వించ్ (తాడు చుట్టి లాగే యంత్రం) ఉందిగా' అంటారు బ్రోకర్లు. నాకు అదే టెన్షన్, ఎందుకంటే తాడు ఎక్కడ చిక్కుకున్నా ఆ వించ్‌కి తెలియదు, ఏదో ఒకటి చిరిగేదాకా లాగుతూనే ఉంటుంది. ఎక్కించడం కన్నా దించడం ముఖ్యం. ముక్కు గాలికి ఎదురు పెట్టి తాడు వదిలితే తెరచాప దానంతట అదే జారి రావాలి.

సమస్య: రీఫ్ వేయాలంటే (గాలి ఎక్కువైనప్పుడు తెరచాపని కొంత మడిచి చిన్నది చేయాలంటే) ఎవరో ఒకరు మాస్ట్ దాకా వెళ్లాలి.
ఒకే హల్ ఉన్న బోటు గాలి ఎక్కువైతే పక్కకి ఒరిగి మనకి చెబుతుంది. కాటమరాన్ పెద్దగా ఒరగదు, భారమంతా రిగ్గింగ్ (మాస్ట్‌ని, తెరచాపని పట్టి ఉంచే తాళ్లు, తీగలు) మీద పడుతుంది. అందుకే గాలి మీటర్ చూసి ముందే రీఫ్ వేయాలి, అదీ హెల్మ్ దగ్గర నుంచే. తాళ్లు అక్కడికి మళ్లించడం కుదిరే పనే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

సమస్య: అలలు రెండు హల్‌లని కలిపే మధ్య డెక్ అడుగున ధడేల్‌మని కొడుతున్నాయి.
వెనక మెట్లు నీళ్లలో మునిగి ఉన్నాయేమో చూడండి. మునిగితే బరువు ఎక్కువైనట్టే, సామాను తీసేస్తే తగ్గుతుంది. ఖాళీగా ఉన్నా కొడుతుంటే డిజైనే అంత, దానికి మందు లేదు.

క్యాబిన్ తలుపులు ఎదురు అలల్లో పట్టేస్తున్నా, కిర్రుమంటున్నా అల్మరాలు ఖాళీ చేయించి బల్క్‌హెడ్ (బోటు లోపలి అడ్డగోడ) అంచుల్లో టార్చ్ వేయండి. ఫైబర్ అతుకు విడిపోయి ఉంటే సర్వేయర్ (బోటు పరిస్థితి తనిఖీ చేసే నిపుణుడు) మాట వినేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

సమస్య: సెయిల్‌డ్రైవ్ (ఇంజన్ శక్తిని నీళ్లలోని ప్రొపెల్లర్‌కి అందించే భాగం) ఆయిల్ పాలలా తెల్లగా ఉంది.
సీల్ నుంచి నీళ్లు దిగాయన్నమాట, బోటుని ఒడ్డుకెక్కించే మార్చాలి. ఎలాగూ ఎక్కిస్తారు కాబట్టి సెయిల్‌డ్రైవ్ బోటు అడుగున బయటికి వచ్చే చోట నీళ్లు రాకుండా ఆపే రబ్బరు డయాఫ్రమ్ ఎప్పుడు మార్చారో కూడా అడగండి, ఇంజన్ల కంపెనీ వోల్వో పెంటా 7 ఏళ్లకోసారి మార్చమంటుంది. ఇంజన్లు రెండు, ఖర్చూ రెండింతలే. రెండూ బాగుండాల్సిందే, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి వేసి ఉన్నచోటే తిప్పగలిగితేనే ఇద్దరితో జెట్టీకి చేర్చడం సులువు.

హల్ మీద ఒకచోట మాత్రమే పెయింట్ కొత్తగా మెరుస్తోందా? 2017 సెప్టెంబర్‌లో ఇర్మా తుపాను బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో చాలా బోట్లని తిరగేసింది. బోటు అంతకంటే పాతదైతే ఆ నెలలో ఎక్కడుందో, రిపేర్ బిల్లులేవో అడగండి. ఓనర్ నీళ్లు నమిలితే ఇంకో బోటు చూసుకోండి.