స్లోలో బండి వణుకుతూ ఆగిపోతోందా? కార్బురేటర్ ఇలా సర్దుకోండి

యాక్సిలరేటర్ వదలగానే ఇంజిన్ వణికి ఆగిపోతుంటే చాలామంది ఐడిల్ స్క్రూ బిగించి స్లో (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పెంచేస్తారు. బండి ఆగడం మానేస్తుంది కానీ జబ్బు అలాగే ఉంటుంది. గాలిని, పెట్రోలును కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్‌లో ఆ పాళ్లు తప్పినప్పుడు సర్దాల్సింది మిక్స్చర్ స్క్రూని.

దాని జోలికి వెళ్లే ముందు తప్పు కార్బురేటర్‌దేనా అని చూడండి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో పూడినా, ప్లగ్ మసిబారినా, చోక్ పూర్తిగా వెనక్కి రాకపోయినా, ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవున్నా ఇంజిన్ ఇలాగే చేస్తుంది. కార్బురేటర్‌ని ఇంజిన్‌కి కలిపే రబ్బరును వేళ్లతో వంచి చూడండి. పగుళ్లుంటే గాలి లాగేస్తుంది, ఎంత ట్యూనింగ్ చేసినా నిలవదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే రేసు పెరుగుతోందా? అయితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంది.

ఇవన్నీ బాగుంటే బండిని పది నిమిషాలు నడిపి రండి. చల్లటి ఇంజిన్ మీద పెట్టిన సెట్టింగ్ వేడెక్కగానే తప్పుతుంది. పని మాత్రం ఆరుబయటే చేయండి. మూసిన గదిలో పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

కార్బురేటర్ మీద స్ప్రింగుతో పెద్దగా కనిపించేది ఐడిల్ స్క్రూ. లోపలికి దిగి ఉండే చిన్నది మిక్స్చర్ స్క్రూ. ఇది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే సాధారణంగా గాలిది, బిగిస్తే గాలి తగ్గుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోలుది, బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది. ఈ తేడా తెలియకపోతే మొత్తం తలకిందులవుతుంది.

ఇంజిన్ ఆపి మిక్స్చర్ స్క్రూని బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి. ఏం తేడా వచ్చినా మళ్లీ అక్కడికే రావచ్చు. అడుగు తగిలిందనిపించగానే ఆగండి. దాని మొన సూదిలా ఉంటుంది, బలం పెడితే మొనతో పాటు అది కూర్చునే చోటు కూడా పాడవుతుంది. ఇప్పుడు మాన్యువల్‌లో చెప్పినన్ని చుట్లు వదులు చేయండి. మాన్యువల్ లేకపోతే ఒకటిన్నర చుట్టుతో మొదలుపెట్టండి.

బండి స్టార్ట్ చేసి, ఆగిపోకుండా ఐడిల్ కొంచెం పెంచండి. మిక్స్చర్ స్క్రూని పావు చుట్టు వదులు చేసి పది సెకన్లు ఆగి వినండి. తొందరపడితే పని చెడేది ఇక్కడే, ఎందుకంటే ఇంజిన్ వెంటనే స్పందించదు. సరైన చోటు దగ్గరపడేకొద్దీ తడబడే శబ్దం సాఫీ అవుతుంది, రేసు దానంతటదే పెరుగుతుంది. ఇంకా వదులు చేస్తే మళ్లీ తడబడుతుంది. వెనక్కి బిగిస్తూ వస్తే రెండో వైపూ అంతే. ఈ రెండు తడబాట్ల మధ్య రేసు ఎక్కువగా, నిలకడగా ఉన్న చోట ఆపండి.

ఇప్పుడు ఐడిల్ స్క్రూతో స్లో తగ్గించండి. ఎంతకు తగ్గించాలో మాన్యువల్ చెబుతుంది. చాలా సింగిల్ సిలిండర్ బండ్లకు 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎం మధ్య ఉంటుంది.

యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పి వదలండి. రేసు దిగడానికి ఆలస్యమైతే పెట్రోలు తక్కువైనట్టు, స్లో కంటే కిందికి పడి మళ్లీ లేస్తే ఎక్కువైనట్టు. పావు చుట్టులోపే సరిచేయండి. వెంటనే దిగి నిలబడితే కుదిరినట్టే.

స్క్రూ ఎంత తిప్పినా ఇంజిన్‌లో మార్పే లేకపోతే స్లోలో పెట్రోలు అందించే సన్నటి రంధ్రపు ముక్క, అంటే పైలట్ జెట్, పూడుకుపోయి ఉండొచ్చు. దాన్ని విప్పి కార్బురేటర్ క్లీనర్ కొట్టి గాలితో ఊదండి. తీగ మాత్రం దూర్చకండి. జెట్ ఇత్తడిది, రంధ్రం ఇట్టే పెద్దదవుతుంది. శుభ్రమయ్యాక వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే, రంధ్రంలో గుండ్రంగా చిన్న వెలుగు చుక్క కనిపించాలి.