దారి తప్పామని తెలిసిన చోటే ఆగండి: పర్వతాల్లో దీర్ఘ నడకకు ముందు జాగ్రత్తలు

గత నెలలో మాతో అయిదు రోజులుగా నడుస్తున్న ఒక మిత్రుడు పొగమంచులో కాలిబాట నుంచి పక్కకు వెళ్లిపోయారు. వాగు వెంట దిగితే ఏదో ఒక ఊరు తగలకపోదని నమ్మి మూడు గంటలు నడిచి, జలపాతం అంచున జారిపడి, చీలమండ విరిగి, రెండు రాత్రులు బండల మధ్య గడిపారు. ఆయన ప్రాణాలతో దొరకడం మా అదృష్టం. నడక కాలం మళ్లీ మొదలవుతున్నందువల్ల ఇది రాస్తున్నాను.

మంచి బూట్లు, సరిపడా నీరు, తేలికైన సంచి గురించి సిద్ధపడేవారికి నేను చెప్పనక్కరలేదు. నేను చూసినంతలో అనుభవం ఉన్నవారిని కూడా ముంచిన పొరపాటు ఒక్కటే: దారి తప్పామని తెలిసిన తరువాత కూడా నడక ఆపకపోవడం. దారి తప్పడం ఎవరికైనా జరుగుతుంది, అది పెద్ద ప్రమాదం కాదు. ఆ తరువాత వేసే అడుగులే ప్రమాదం.

కష్టపడి ఎక్కిన ఎత్తును వదులుకుని వెనక్కి వెళ్లడానికి మనసు ఒప్పుకోదు. ఈ మలుపు దాటితే బాట కనిపిస్తుందని, ఆ గట్టు ఎక్కితే సిగ్నల్ వస్తుందని అది నచ్చజెబుతూనే ఉంటుంది. కానీ గంటకు 3 కిలోమీటర్ల వేగంతో ఒక గంట నడిస్తే మీరు ఉండగల ప్రదేశం దాదాపు 28 చదరపు కిలోమీటర్లకు, రెండు గంటలు నడిస్తే 113 చదరపు కిలోమీటర్లకు విస్తరిస్తుంది. మీరు నడిచే కాలం రెట్టింపైతే వెతికేవారి పని నాలుగింతలవుతుంది. వాగు వెంట దిగడం మరీ అపాయకరం: పర్వతాల్లో వాగు ఇరుకు లోయల్లోకి, జలపాతాల మీదికి తీసుకుపోతుంది, పైగా ఆ నీటి హోరులో మీ కేక ఎవరికీ వినిపించదు.

అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్‌ మీద 2013లో ఒక మహిళ కాలకృత్యాల కోసం బాట దిగి, తిరిగి దాన్ని చేరుకోలేకపోయారు. ఆమె పంపిన సందేశాలు సిగ్నల్ లేక ఎవరికీ అందలేదు. సిగ్నల్ కోసం ఆమె ఇంకా ఎత్తుకు వెళ్లారు. గుడారంలో కనీసం 26 రోజులు బతికి ఉన్నట్లు ఆమె రాతల వల్ల తెలిసింది. రెండేళ్ల తరువాత ఆమె అవశేషాలు దొరికిన చోటు, ఆ బాటకు సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

అందువల్ల అనుమానం కలిగిన క్షణంలోనే ఆగండి. సంచి దించి కూర్చోండి, నీరు తాగండి, చివరిసారి బాట గుర్తును ఎక్కడ చూశారో గుర్తు చేసుకోండి. వచ్చిన అడుగులను నిస్సందేహంగా పోల్చుకోగలిగితేనే వాటి వెంట వెనక్కి వెళ్లండి, లేకపోతే అక్కడే ఉండండి. నిమిషానికి ఆరుసార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేయండి. రాత్రివేళ టార్చితో అదే చేయండి. పర్వతాల్లో ఆపదను తెలిపే అంతర్జాతీయ సంకేతం ఇది.

బాట దిగవలసి వస్తే, పది అడుగులే అయినా, ఈల, ఫోను జేబులో ఉండాలి. మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూడండి, ఎందుకంటే వెళ్లేటప్పుడు చూసిన చెట్లూ బండలూ తిరిగి వచ్చేటప్పుడు వేరుగా కనిపిస్తాయి.

చాలామంది దారి తప్పేది ఆలస్యమైందన్న తొందరలో అడ్డదారి పట్టినప్పుడు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట పడుతుంది. అందులో విశ్రాంతి వేళ లేదు, కాబట్టి బరువు మోసేవారు ఇంకా కలుపుకోవాలి. వెనుదిరగవలసిన వేళను ఉదయమే నిర్ణయించుకుని, ఆ వేళకు ఎక్కడ ఉన్నా వెనుదిరగండి.

ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. తడిసిన ఒంటికి గాలి తగిలితే ముందు దెబ్బతినేది వివేకం. అలాంటి స్థితిలో ఉన్న మనిషి తాను సరైన దారిలోనే ఉన్నానని పట్టుబడతాడు. అతని మాట వినకండి, ఆపండి, పొడిబట్టలు వేయండి. వణుకు ఆగిపోయినంత మాత్రాన కోలుకున్నట్లు కాదు.

మంచు కరిగి పారే వాగులను ఉదయమే దాటండి, మధ్యాహ్నానికి అవి పెరుగుతాయి. దాటే ముందు సంచి నడుము పట్టీ విప్పండి. 3,000 మీటర్లు దాటాక రాత్రి బసను రోజుకు 500 మీటర్లకు మించి పెంచకండి. తలనొప్పితో వాంతులవుతుంటే పైకి వెళ్లకండి. ఉరుము వినిపిస్తే గట్టు దిగండి, చివరి ఉరుము తరువాత అరగంట వరకు మళ్లీ ఎక్కకండి. ఒక్క ఫోను మీదే ఆధారపడకండి, కాగితపు మ్యాప్, దిక్సూచి ఉంచుకోండి. రాత్రి ఫోనును స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి, చలికి బ్యాటరీ పడిపోతుంది. బృందాన్ని చీల్చకండి. వెనకబడినవారిని వదిలి ముందుకు పోకండి. చీకట్లో దారి వెతకకండి. దారి తప్పితే ఆగండి, మిగతావారు ముందుకు పోదామన్నా ఆగండి. ఎప్పటిలోగా కబురు రాకపోతే సహాయం పిలవాలో తేదీ, గంట రాసి ఇంట్లో ఇవ్వండి. మీ అంతట మీరే బాటకు చేరుకుంటే, సిగ్నల్ అందిన మొదటి చోటే ఆ కబురు పంపండి, ఎందుకంటే అప్పటికి మీ కోసం కొందరు అవే కొండల్లో, అదే వాతావరణంలో వెతుకుతూ ఉంటారు.