‘ఇక నావల్ల కాదు’ అనిపించినప్పుడు ఏం చేయాలి?

నేను ఫిజియోథెరపిస్టును. ఎముక విరిగినవారు, పక్షవాతం వచ్చినవారు, మోకాలి ఆపరేషన్ అయినవారు నా దగ్గరికి వస్తారు. బిగుసుకుపోయిన కండరం కంటే ముందు, ‘ఇక నావల్ల కాదు’ అన్న నమ్మకాన్ని కదిలించాల్సి వస్తుంది. ఉద్యోగం పోయినా, పరీక్ష తప్పినా, అప్పులు మీదపడినా మనిషి అనుకునేది అదే. దాన్ని ఎలా కదిలించవచ్చో నాకు అనుభవంలో తెలిసింది చెబుతాను.

ముందుగా ఆ ఆలోచనను ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి. సర్ది రాయవద్దు. కుంగుబాటుతో వచ్చినవారి మాటలు వింటూ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో ఒక సంగతి గమనించారు. జరిగినదానికీ మనకు కలిగే బాధకూ మధ్య కొన్ని ఆలోచనలు వాటంతటవే చటుక్కున వచ్చిపోతాయి. వాటిని మనం నిలదీయం, నిజమని నమ్మేస్తాం. రాసి ఎదురుగా పెట్టుకుంటే ‘దీనికి ఆధారం ఏమిటి?’ అని అడగడానికి వీలు చిక్కుతుంది.

తర్వాతది అన్నిటికంటే ముఖ్యం: రాసినదాన్ని చేతికి అందేంత చిన్నది చేయాలి.

పక్షవాతంతో కుడిచేయి పట్టు తప్పిన ఒక దర్జీ నా దగ్గరికి వచ్చారు. “నా చెయ్యి పోయిందమ్మా” అన్నారు. నేను ఎదురు చెప్పలేదు, ధైర్యవచనాలూ చెప్పలేదు. బల్ల మీద తువ్వాలు పరిచి, దానిపై ఆయన అరచేతిని ఆనించి, ముందుకు తోయమన్నాను. వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. కానీ భుజం కదిలింది, తువ్వాలుతో పాటు చెయ్యి బెత్తెడు దూరం జరిగింది. ఆయన నా వంక చూడలేదు, తువ్వాలు మీద పడిన ముడతల్నే చూస్తూ ఉండిపోయారు. ఆ రోజు కాగితం మీద ఇలా రాసుకున్నాం: ‘భుజం కదులుతోంది. వేళ్లు విచ్చుకోవడం లేదు.’ చెయ్యి పోయిందనుకుంటే చేయడానికి ఏమీ మిగలదు. వేళ్లు విచ్చుకోవడం లేదంటే మర్నాటి పొద్దుటికి ఒక పని ఉంది. ఆయనకు మునుపటి వేగం తిరిగి రాలేదు. కత్తిరింపు కొడుక్కి అప్పగించి, కుడిచేత్తో గుడ్డను అదిమిపట్టి, ఎడమచేత్తో మిషను కిందికి నడుపుతూ కుట్టడం మాత్రం మళ్లీ మొదలుపెట్టారు.

మీ కష్టాన్నీ ఇలాగే విప్పి చూడండి. ‘నాకు ఉద్యోగం రాదు’ అన్నచోట ‘రాతపరీక్ష దాటుతున్నాను, ఇంటర్వ్యూలో ఆగిపోతున్నాను’ అని ఉండవచ్చు. ‘అప్పుల్లో మునిగిపోయాను’ అన్నచోట ‘ఈ నెల వాయిదాకు ఇంత తక్కువ పడుతోంది’ అని ఉండవచ్చు.

చేతులెత్తేసినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. సెలిగ్మన్, మేయర్ అనే శాస్త్రవేత్తలు 1967లో కుక్కలపై చేసిన ప్రయోగాలను ప్రచురించారు. తప్పించుకోలేని విద్యుత్ షాకులు తిన్న కుక్కల్లో చాలావరకు, తర్వాత దారి ఉన్నా కదలకుండా పడి ఉన్నాయి. అవి నిస్సహాయతను నేర్చుకున్నాయని అప్పట్లో అన్నారు. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత, 2016లో, మెదడు పరిశోధనల ఆధారంగా ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. బాధ ఎడతెగకుండా సాగినప్పుడు కదలకుండా ఉండిపోవడం సహజ స్పందన అనీ, పరిస్థితి తమ అదుపులో ఉందన్నదే నేర్చుకునే విషయమనీ తేల్చారు. అది చదివినప్పుడు నాకు ఆ తువ్వాలే గుర్తొచ్చింది. ఎంత చిన్నదైనా సరే, మీరు చేసినందువల్ల మారినది ఏదో ఒకటి మీ కళ్లకు కనబడాలి.

అందుకే ఎంచుకున్న పనికి వేళ కట్టండి. ‘వీలున్నప్పుడు చేస్తాను’ అంటే జరగదు. ‘పళ్లు తోముకోగానే ఒక దరఖాస్తు నింపుతాను’ అనుకోండి. అడ్డు వచ్చేదాన్నీ ముందే ఊహించండి: ‘నీరసంగా అనిపిస్తే సగమే నింపుతాను.’ గెలిచిన దృశ్యాన్ని ఊహించుకుంటూ కూర్చోమనే సలహా నాకు నచ్చదు. బరువు తగ్గడానికి చికిత్స తీసుకుంటున్న మహిళలపై 1991లో వెలువడిన ఒక అధ్యయనంలో, తియ్యని ఊహల్లో తేలినవారే తక్కువ బరువు తగ్గారు. తగ్గగలమని నమ్మినవారు మాత్రం ఎక్కువ తగ్గారు.

ఒక్క హెచ్చరిక. వ్యాయామంలో పోటు లాంటి నొప్పి వస్తే నేను వెంటనే ఆపిస్తాను. ఇంట్లో ఎవరైనా కొడుతున్నా, యజమాని జీతం ఎగ్గొడుతున్నా మార్చుకోవాల్సింది మీ ఆలోచనను కాదు. అక్కడ తోడు, రక్షణ, చట్టం కావాలి. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకున్నా, నిద్ర పట్టకున్నా వైద్యుల దగ్గరికి వెళ్లండి. చావు ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు, దగ్గరివారికి చెప్పి వారిని వెంట తీసుకెళ్లండి.

రాసిన కాగితాన్ని పారేయకండి, తేదీ వేసి ఉంచండి. కొన్నాళ్లకు తీసి చూసినప్పుడు అందులో ఏ మాటా మారకపోతే, ఎంచుకున్న పని ఇంకా పెద్దదిగా ఉందన్నమాట. దాన్ని సగానికి తగ్గించి మళ్లీ రాయండి.